ముగింపు ముందే తెలిసిన నవలకు కన్నీళ్లెందుకు?

ప్రశ్న: నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. ఆరుగురు స్నేహితులం నెలకొకసారి కలిసి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పుస్తకం ఎంచే వంతు నాది. ఈ మధ్య వచ్చిన ఒక చిన్న ఊరి ప్రేమ నవలను మూడు రాత్రులలో చదివేసి, దానినే అందరికీ ఇచ్చాను. సరస్సు ఒడ్డున ఒక ఊరు. చనిపోయిన మేనత్త ఇల్లు అమ్మడానికి పదకొండేళ్ల తరువాత అక్కడికి వచ్చిన ఒక అమ్మాయి. ఆ ఇంటిని బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి ఒకప్పుడు ఆమె తరగతిలోనే చదువుకున్నవాడు. మావాళ్లలో ఒకరు, "ఇందులో చదవడానికేముంది, పదో పేజీకే చివరి పేజీ తెలిసిపోయింది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కాని ఇంటికి వచ్చాక మనసు చివుక్కుమంది. ముగింపు నాకూ ముందే తెలుసు. అయినా చివరి అధ్యాయంలో ఆ ఇంటి వీధి తలుపు చప్పుడు లేకుండా తెరుచుకున్నప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి. తలుపు తెరుచుకుంటే ఏడవడమేమిటి? ఇంకో మాట. పుస్తకం ముగిశాక నా సంసారం, నా రోజులు కొన్నాళ్లపాటు చప్పగా అనిపించాయి. ఇటువంటివి చదవడం మానుకోవాలా? ఇదే ఊరి కథలు మరో నాలుగు పుస్తకాలుగా వచ్చాయట.

సమాధానం: మీ ఉత్తరం పొడవైనది కనుక పైన కుదించి ఇచ్చాను. మీరు చెప్పిన నవలను తెప్పించుకుని చదివాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయే మాటలు ఆ ఒక్క పుస్తకానికే కాక అదే కోవకు చెందిన మంచి నవలలన్నిటికీ వర్తిస్తాయి. ముందుగా ఆ తలుపు సంగతే మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో మీరు సిగ్గుపడుతూ రాసిన ఆ ఒక్క వాక్యంలోనే మీ మిగతా ప్రశ్నలకు కావలసిన జవాబు చాలావరకు ఉందని నా నమ్మకం.

ఆ తలుపు నవలలో మూడుసార్లు వస్తుంది. మొదటిసారి వానలో తడిసి వచ్చిన ఆ అమ్మాయి తాళం తీసినా తలుపు తెరుచుకోదు. చెక్క ఉబ్బి గడపకు పట్టేసి ఉంటుంది. ఆమె భుజంతో రెండుసార్లు నెట్టిన తరువాత అది కీచుమంటూ సగం తెరుచుకుంటుంది. ఆ చప్పుడుకే ఎదురింటి ముసలాయన దీపం వేస్తాడు. తాను వచ్చిన సంగతి ఎవరికీ తెలియకూడదనుకున్న మనిషి రాకను ఆ తలుపే ఊరికి చాటిచెబుతుంది. రెండోసారి నవల నడిమి భాగంలో వడ్రంగి ఆ తలుపును బందుల నుంచి ఊడదీసి, రెండు బల్లల మీద అడ్డంగా పడుకోబెట్టి, అడుగు అంచుకు చిత్రిక పడతాడు. ఆమె రెండో కొసను కదలకుండా పట్టుకుని నిలబడుతుంది. ఆ నాలుగు పేజీలలో పాత సంగతుల ప్రస్తావన ఒక్కటీ లేదు. ఇంకాస్త తీయాలా, చాలా, ఎక్కువ తీస్తే వేసవిలో సందు పడుతుందేమో, ఇవే మాటలు. చెక్క పొట్టు ఆమె పాదాల మీద రాలుతూ ఉంటుంది, ఆమె దులుపుకోదు. పదకొండేళ్ల కోపం కరగడం మొదలైందని రచయిత్రి ఎక్కడా చెప్పలేదు, దులుపుకోలేదని మాత్రమే రాసింది. మూడోసారి, ఇల్లు అమ్మే కాగితాల మీద సంతకం చేయకుండా తిరిగి వచ్చిన ఆమె, అలవాటు కొద్దీ భుజం ఆనించి బలంగా నెట్టబోతుంది. తలుపు వేలు తగిలినంత మాత్రానే తెరుచుకుంటుంది, ఆమె తూలి లోపలికి అడుగు వేస్తుంది.

మీకు కన్నీళ్లు వచ్చింది అక్కడే. మూడు వందల పేజీలకు పైగా మీరు ఆ అమ్మాయితోపాటు భుజం బిగబట్టి ఉన్నారు. ఆ తలుపు బరువు మీ ఒంటికీ అలవాటైంది. ఆ బరువు హఠాత్తుగా లేకుండా పోయేసరికి ఆమె తూలినట్టే మీరూ తూలారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఒక వస్తువును తొలిసారి మామూలుగా చూపించి, రెండోసారి దానికి ఒక జ్ఞాపకాన్ని కట్టి, మూడోసారి వివరణ లేకుండా వదలడం చేయి తిరిగిన రచయితల పని. ఆ పని ఎక్కడ జరిగిందో పేరుపెట్టి చెప్పలేకపోయినా మీరు సరిగ్గా ఆ చోటనే స్పందించారు. చదవడం వచ్చినవారు చేసేది అదే.

ఇక ముగింపు సంగతి. మీ స్నేహితురాలు చెప్పింది నిజమే, కాని ఆమె దానిని దోషంగా లెక్కించింది. అది ఈ నవల పాఠకుడికి ముందుగానే ఇచ్చే మాట. అమెరికాలో రొమాన్స్ రచయితలు 1980లో ఏర్పరచుకున్న సంఘం ఈ సాహిత్యానికి రెండే లక్షణాలు చెప్పింది: కథకు కేంద్రంలో ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు అమెరికా మధ్య ప్రాంతంలోని ఒక పట్టణంలో ఈ నవలలు విడవకుండా చదివే స్త్రీలతో మాట్లాడి 1984లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ స్త్రీలలో కొందరు పుస్తకం కొనేముందే చివరి పేజీలు తిప్పి, కథ సుఖంగా ముగుస్తుందని రూఢి చేసుకునేవారట. ముగింపు తెలియడం వారికి అడ్డంకి కాకపోగా, అది తెలిసిన తరువాతే చదవడం మొదలుపెట్టేవారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖలో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2011లో వెలువరించిన ఒక అధ్యయనంలో కూడా, ముగింపు ముందే చెప్పి చదివించిన కథలే పాఠకులకు మరికాస్త ఎక్కువ నచ్చాయని తేలింది. తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఇందుకు విరుద్ధమైన ఫలితాలూ వచ్చాయి కనుక దానిని తిరుగులేని రుజువుగా నేను చూపను. అయితే ముగింపు తెలియడమే చదివే ఆనందాన్ని చంపేస్తుందన్న మాటను మాత్రం ఇకపై అంత ధీమాగా అనడానికి వీల్లేదు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పందొమ్మిది రాత్రులు ఆమె మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. అంతవరకు నేను గొప్పవని నమ్మి చదివిన నవలలు వెంట తీసుకెళ్లాను, ఒక్కటి కూడా పది పేజీలు దాటి చదవలేకపోయాను. ఏం జరుగుతుందో తెలియని స్థితిలో నేనే ఉన్నప్పుడు, ఏం జరుగుతుందో తెలియని మరో కథను మోసే శక్తి నాకు లేదు. పక్క మంచం దగ్గర ఉన్న ఒకావిడ తాను ముగించిన నవలను నా చేతిలో పెట్టారు. అదీ ఇటువంటిదే, ఒక చిన్న ఊరు, ఇద్దరు మనుషులు. ఇద్దరూ చివరికి కలుస్తారని తెలుసు గనుకనే వారి మధ్య జరిగే ప్రతి చిన్న సంగతినీ భయం లేకుండా చూడగలిగాను. ఎవరు ఏ మాట దగ్గర ఆగిపోయారో, ఎవరు ఎవరి కప్పును కడిగి బోర్లించారో గమనించగలిగాను. తర్వాత ఏమవుతుందన్న ఆదుర్దా లేనప్పుడు కన్ను ఎంత నెమ్మదిగా, ఎంత దగ్గరగా చూస్తుందో నాకు ఆ రాత్రులలో తెలిసింది. ఆనాటి నుంచి ఈ నవలలను తక్కువచేసి ఎవరు మాట్లాడినా ఊరుకోలేను.

అందుచేత ఈ నవలను చదువుతూ ఇద్దరూ కలుస్తారా అని అడగడం సరైన ప్రశ్న కాదు. ఏమి మారితే కలుస్తారు అన్నది అసలు ప్రశ్న. ప్రేమ నవల నిర్మాణాన్ని పరిశీలించి 2003లో పుస్తకం రాసిన పమేలా రీగిస్ అందులో ఎనిమిది అంశాలను గుర్తించారు. వాటిలో ఇద్దరి మధ్య అడ్డు, ఆకర్షణ, ప్రేమను వెల్లడించడం వంటివి మనం ఊహించగలిగేవే. వాటితో పాటు ఆవిడ చెప్పిన మరో అంశం, ఇక ఈ ఇద్దరూ కలవడం అసాధ్యమనిపించే ఘట్టం. కథ చచ్చిపోయినట్టు అనిపించే ఆ చోటు దాదాపు ప్రతి ప్రేమ నవలలోనూ చివరి భాగానికి ముందు వస్తుంది. నవల నాణ్యతను నేను అక్కడే కొలుస్తాను. ఒక్క ఫోను చేసి ఒక్క మాట అడిగితే తీరిపోయే అపార్థం మీద ఆ ఘట్టం నిలబడితే, రచయితకు పేజీలు నింపే అవసరం ఉందేగాని పాత్రల మీద నమ్మకం లేదని అర్థం. మీ నవలలో అలా జరగలేదు. ఇల్లు కొనడానికి వచ్చినవారికి ఆ అమ్మాయి ఇచ్చిన మాట, ఆమె నెత్తిన ఉన్న అప్పు, ఎవరి దగ్గరా చేయి చాపకూడదన్న ఆమె పంతం, ఇవన్నీ నిజమైన అడ్డంకులు. వడ్రంగి తన పొదుపు సొమ్ము ఇస్తానన్నప్పుడు ఆమె కోపగించుకోవడం కూడా మొదటినుంచి ఆమె ఉన్న తీరులోనే ఉంది. వీలైతే ఆ అధ్యాయాన్ని మరొకసారి, ఈసారి నెమ్మదిగా, అతని వైపు నుంచి చదవండి. అతను పలికిన మాటలలో ఒక్కటి కూడా తప్పు కాదు, అయినా అన్నీ తప్పు సమయంలో వచ్చాయి.

రీగిస్ చెప్పిన ఎనిమిది అంశాలలో నాయికానాయకులు బతికే సమాజాన్ని చూపించడం కూడా ఒకటి. చిన్న ఊరి నవలను మిగతా ప్రేమ నవలల నుంచి వేరుచేసేది ఆ సమాజాన్ని మొత్తంగా కళ్ల ముందు నిలపగలగడమే. ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ 1814లో, నవల రాస్తున్న తన అన్న కూతురికి రాసిన ఉత్తరంలో, ఒక పల్లెలోని మూడు నాలుగు కుటుంబాలు ఉంటే చాలు, పని చేయవలసింది దానిమీదే అని చెప్పింది. రెండు వందల ఏళ్లు దాటినా ఆ సలహా పాతబడలేదు. మహానగరంలో ఇద్దరు పోట్లాడుకుంటే మరి ఒకరి కంట ఒకరు పడకుండా బతికేయవచ్చు. రెండు వీధులున్న ఊరిలో అది కుదరదు. పొద్దున పోట్లాడుకున్నవారు సాయంత్రం ఒకే వరుసలో నిలబడవలసి వస్తుంది. మధ్యలో ఉన్న మూడో మనిషికి ఇద్దరి సంగతీ తెలుసు, తెలియనట్టు నటిస్తూ ఉంటాడు. తప్పించుకోవడానికి దారి లేకపోవడం వల్ల కోపమైనా ఇష్టమైనా అందరి ముందే నడవాలి. కథ నిదానంగా సాగుతున్నట్టు అనిపించడానికీ, నిదానమైనా విసుగు పుట్టకపోవడానికీ ఇదే కారణం.

ఇప్పుడు మీ ఉత్తరంలోని రెండో మాటకు వస్తాను, జీవితం చప్పగా అనిపించిందన్న మాటకు. చాలామంది దీనికి తొందరపడి ఒకే జవాబు చెబుతారు: నవలల్లోని మగవాడిని చూసి ఇంట్లో మనిషిని పోల్చుకుంటున్నారు, అది మానుకోండి అని. మీ ఉత్తరం మొత్తం నాలుగుసార్లు చదివాను. మీరు ప్రత్యేకంగా గుర్తుచేసుకున్న ఘట్టాలలో ఆ వడ్రంగి ఉన్నవి రెండే. మిగతావన్నీ ఊరివి. ఆ అమ్మాయికి జ్వరం వచ్చి కిటికీ తెర తీయని రోజున మధ్యాహ్నంలోగా నలుగురు వచ్చి తలుపు తట్టిన ఘట్టం గురించి మీరు అరపేజీ రాశారు. ఆ పక్కనే, మీరున్న అపార్టుమెంటులో ఆరేళ్లుగా ఉంటున్నా పక్కింటివారి పేరు తెలియదని, బహుశా ఏమీ అనుకోకుండానే, ఒక వాక్యం రాశారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మీకు వెలితిగా తోచింది ప్రేమ విషయంలో కాదేమోనని నా అనుమానం. మన ఇంటి కిటికీ తెర తీయలేదని గమనించే మనిషి ఒకరు ఉండడం కోసం మీ మనసు కొట్టుకుంటోంది. నిజానికి చిన్న ఊరి నవల పాఠకులకు ఇచ్చే పెద్ద ఓదార్పు ఇదేనని నేను ఎంతోకాలంగా అనుకుంటున్నాను. ప్రేమకథ ముందుండి నడిపిస్తుంది, దాని వెనుక నలుగురికీ తెలిసిన మనిషిగా బతకాలన్న కోరిక నడుస్తూ ఉంటుంది.

ఈ సంగతి తెలిస్తే ఒక మేలు ఉంది. ఊరంతా కలిసి ఆ అమ్మాయికి ఇచ్చినదాన్ని మీ భర్త ఒక్కరే మీకు ఇవ్వాలని ఆశించరు. ఆయన పేరుగాని, ఆయన మీద ఫిర్యాదుగాని మీ ఉత్తరంలో లేదు, అందుకు నేను సంతోషించాను. పోలిక గురించి మాత్రం ఒక్క మాట. నవలలోని వడ్రంగి మనకు కనిపించేది అతను ఆమెను శ్రద్ధగా చూస్తున్న క్షణాలలోనే. అలసిపోయి, మాట వినిపించుకోకుండా, గోడవైపు తిరిగి పడుకున్న రాత్రులను రచయిత్రి రెండు అధ్యాయాల మధ్య ఖాళీలో దాటవేసింది. మీ ఇంట్లో ఆ ఖాళీలు కూడా ఉంటాయి, అంతే. ఇక పక్కింటివారి పేరు తెలుసుకోవడం గురించి నేను వేరే సలహా ఇవ్వనక్కరలేదు, అది మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది.

అయితే ఈ ఊళ్లను పూర్తిగా నమ్మమని కూడా నేను చెప్పను. కిటికీ తెరను గమనించే కళ్లే ఎవరు ఎవరింటికి ఎన్ని గంటలకు వెళ్లారో కూడా గమనిస్తాయి. మీ నవలలో ఆ అమ్మాయి అప్పు సంగతి ఆమె నోరు విప్పకముందే ఊరందరికీ తెలిసిపోయినప్పుడు, ఆమె నడిబజారులో నిలబడి కోపంతో వణికిపోయే ఘట్టం ఉంది గదా. ఆ రెండు పేజీలు ఉండబట్టే నేను ఆ ఊరిని నమ్మాను. ఈ తరహా నవలలలో నాసిరకం వాటికి ఈ రెండో ముఖం ఉండదు. అక్కడ అందరూ మంచివారే, ఎవరికీ జీతం చాలకపోవడమనేది ఉండదు, ఊరు వదిలి వెళ్లాలని కోరుకునే పిల్లవాడు ఒక్కడూ కనిపించడు, నగరం నుంచి వచ్చినవారంతా అహంకారులే. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది, నాయిక ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న వృత్తిని ఒక్క పేజీ ఆలోచన కూడా లేకుండా వదిలేసి అక్కడే ఉండిపోవడం. మీ నవలలోని అమ్మాయి తన పనిని వదలలేదు. దానిని అక్కడినుంచి ఎలా చేయాలో తేల్చుకోవడానికి ఆమెకు ఒక అధ్యాయం పట్టింది. ఆ అధ్యాయం కాస్త పొడిగా ఉందని మీరు రాశారు. ఒప్పుకుంటాను, కాని అది లేకపోతే చివర్లో ఆ తలుపు తెరుచుకోవడానికి అంత విలువ వచ్చేది కాదు.

మిగతా నాలుగు పుస్తకాలు చదవాలా అని అడిగారు. చదవండి. ఇటువంటి వరుసలలో ఒక్కో పుస్తకం అదే ఊరిలోని వేరొక జంట కథ చెబుతుంది, మొదటి జంట తరువాతి పుస్తకాలలో పక్కింటివారుగా, దుకాణంలో ఎదురుపడినవారుగా కనిపిస్తూ ఉంటారు. ఏ పుస్తకానికది విడిగా నిలబడుతుంది కాని, వరుసలో చదివితే వారి జీవితం పెళ్లితో ఆగిపోలేదని చూడడంలో ఒక ప్రత్యేకమైన సంతృప్తి ఉంది. ఒకదాని వెంట ఒకటి మాత్రం చదవకండి. నాలుగూ పది రోజులలో ముగిస్తే మనుషులు కలగాపులగమై, అన్నీ ఒకే కథలా తోస్తాయి, అప్పుడు మీ స్నేహితురాలి మాటే నిజమనిపిస్తుంది. మధ్యలో వేరే రుచిగల పుస్తకం ఒకటి చదవండి, మీ బృందం ఎంచేదే చదవండి. ఇది తక్కువ, అది ఎక్కువ అని అలమారలో మెట్లు కట్టుకోనక్కరలేదు. రాడ్వేతో మాట్లాడిన స్త్రీలు, ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే రోజులో పుస్తకం చేతిలో ఉన్న సమయం ఒక్కటే తమదని చెప్పుకున్నారు. ఆ సమయంలో ఏ పుస్తకం చదవాలో ఎంచుకునే హక్కు మీదే.

వచ్చే నెల మీ సమావేశంలో ఈ నవలను సమర్థిస్తూ ఉపన్యాసం ఇవ్వకండి. తలుపు వచ్చే మూడు చోట్లా చీటీలు పెట్టి తీసుకువెళ్లండి. మొదటిది ఒకటిన్నర పేజీ, రెండోది నాలుగు, మూడోది అర పేజీ. పైకి చదివితే పదిహేను నిమిషాలు మించవు. నవ్వినావిడకు అప్పటికీ నచ్చకపోవచ్చు, అది ఆమె ఇష్టం, దానికి మీరు నొచ్చుకోవద్దు. చదివేటప్పుడు రెండోదానికీ మూడోదానికీ మధ్య కొంచెం ఆగండి. ఏమి వినాలో మాత్రం వారికి ముందుగా చెప్పకండి.